అంకమ్మ పొయ్యి ఆర్పిన అధ్యాయం

మా ఆయన ఏడవగా నేను చూసింది ఒక్కసారే. అది కూడా టీవీలో ఒక ఆడమనిషి పొయ్యిలోకి నడిచి వెళ్ళినప్పుడు.

ఆదివారం, గుడిలో ప్రార్థనకి పోయొచ్చి అన్నాలు తిన్నాక, నేను పెరట్లో పంపు దగ్గర ఆయన చొక్కాలు నానబెడుతున్నా. మా ఆయన క్రాంతి కుమార్ పిడుగురాళ్ళలో ఒక సున్నం ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు. బట్టీల పక్కనే ఆఫీసు, అందుకని కూర్చుని చేసే ఉద్యోగమైనా చొక్కాలు మాత్రం బట్టీలో దిగినట్టే వస్తాయి. వాటిని వేరే బట్టలతో కలపకూడదు. వాషింగ్ మెషిన్లో అసలే వెయ్యకూడదు, సున్నానికి మెషిన్ పాడవుద్దంట. చేతులు పాడైతే ఫరవాలేదు. నా వేళ్ళ సందులు ఏడాది పొడుగునా పగిలే ఉంటాయి. "కొబ్బరి నూనె రాసుకోగూడదా," అంటాడు ఆయన, అదేదో పెద్ద వైద్యం చెప్పినట్టు. ఆ రోజు లోపల నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడితే, జలుబు చేసిందేమో, మిరియాల పాలు కాయాలేమో అని తడిచేతులతోనే లేచి పోయా. చూద్దును గదా, సోఫాలో కూర్చుని, ఆ వీడియో గేమ్ ఆడే మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమైందండీ?"

"కీపర్ చచ్చిపోయిందే," అన్నాడు.

వాళ్ళ నాన్న పోయిన రోజు ఈ మనిషి షామియానా వాళ్ళతో, మంచుపెట్టె వాళ్ళతో మాట్లాడుతూ తిరిగాడు గానీ కన్ను తడవలేదు. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి క్యాంటీన్లో ఇడ్లీలు గట్టిగా ఉన్నాయని వచ్చి నా మంచం పక్కనే విసుక్కున్నాడు. అట్టాంటి మనిషిని ఏడిపించిన ఆ మహాతల్లి ఎవరా అని నేనూ టీవీ వంక చూశా. మంటలు తప్ప ఏమీ కనపడలా.

ఆ గేమ్ కథ నాకు కంఠస్థం. నేనెప్పుడూ ఆడింది లేదు. మా వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడితే హాల్లో టీవీ తిన్నగా కనపడుద్ది, అంతే. సెలవు రోజుల్లో ఆయన ఆడతాడు, నేను తిరగమోత పెడతా. కథ ఏందంటే, ఒక వీరుడు. ఏడు ద్వారాలు పగలగొట్టి చీకటి రాజుని చంపాల. ప్రతి ద్వారం దగ్గరా వాడు చస్తాడు. చచ్చినప్పుడల్లా ఒక గుహలో పొయ్యి పక్కన లేస్తాడు. ఆ పొయ్యి కాడ ఒకామె ఉంటుంది, ఆమే కీపర్. పేరు లేదు. వాడు కళ్ళు తెరవంగానే గంజి పోస్తుంది, చిరిగిన కవచం కుడుతుంది, గాయాలకి పసరు పూస్తుంది. "తిని వెళ్ళు, దారి దూరం" అంటుంది. గేమ్ మొత్తం మీద ఆమెకున్నది ఆ ఒక్క మాట. వాడు పోయి మళ్ళీ చచ్చి వస్తాడు. చివరికి ఏడో ద్వారం పగలాలంటే కత్తికి మామూలు సెగ చాలదంట. అప్పుడామె నవ్వుకుంటూ పొయ్యిలోకి నడుస్తుంది. కత్తి ఎర్రబడుద్ది. వాడు రాజవుతాడు. గేమ్ తయారుచేసిన వాళ్ళ పేర్లన్నీ కింద నుంచి పైకి పోతాయి.

"ఎంత త్యాగం అసలు," అన్నాడాయన.

"ఆడదంటే అట్టా ఉండాల," అంది మా అత్తయ్య. ఆవిడ పేరు కరుణమ్మ. మోకాళ్ళు నొప్పులని హాల్లోనే కుర్చీ వేసుకుని ఉంటుంది, కాబట్టి గేమంతా ఆవిడ కూడా చూసింది.

నాకు మాత్రం ఒకటే అనుమానం. "ఆమె ఎప్పుడు తింటదండీ?" అన్నా.

"ఎవరు?"

"గంజి పోసే ఆమె. వాడు వచ్చినప్పుడల్లా వాడికి పోస్తది గదా. తనెప్పుడు తాగుద్ది?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "కీపర్ తినదే. అట్టా డిజైన్ చేశారు," అన్నాడు. తర్వాత ఇంకా ఏడుపు గొంతుతోనే, "టీ ఏమన్నా పెడతావా?" అన్నాడు.

టీ పెట్టా. పెట్టక ఏం చేస్తా. కానీ ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. తినదంట. డిజైన్ అంట. మరుసటి రోజు పొద్దున నరసరావుపేట బస్టాండులో సత్తెనపల్లి బస్సెక్కి కూర్చున్నాక కూడా పోలేదు. నేను సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తా. పోను రాను ఆ బస్సు సీటే నాకు రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని చోటు. అక్కడ నన్ను నీళ్ళడిగేవాళ్ళు లేరు, సాక్సులు ఏవని అడిగేవాళ్ళు లేరు. కండక్టరు కూడా పాస్ చూసి తలూపి పోతాడు. ఫోన్ తీసి ఒక వాక్యం కొట్టా: "వాడు వెళ్ళిపోయాక అంకమ్మ గిన్నె కడిగింది."

అంకమ్మ అని ఎందుకు పెట్టానంటే, వినుకొండ హాస్టల్లో చిన్నప్పుడు మాకు వండిపెట్టిన ఆమె పేరు అది. పెద్ద గరిట పట్టుకుని అందరికీ వడ్డించేది. ఆమె తినటం మేమెవరమూ చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

అట్టా మొదలైంది నా నవల. వీరుడు బయట ద్వారాలు పగలగొడుతున్నంత సేపూ గుహలో ఏం జరుగుద్దో రాశా. ఆ గంజికి గింజలు ఎక్కడ నుంచి వస్తాయి? పొయ్యి ఆరకుండా పుల్లలు ఎవరు ఏరుకొస్తారు? వాడు చచ్చినప్పుడల్లా నెత్తురు కారే బట్టలతో వస్తాడు గదా, ఆ బట్టలు ఎవరు ఉతుకుతారు? గేమ్ తయారుచేసిన వాళ్ళకి ఈ అనుమానాలు రాలేదు. రోజూ ఉతికే దాన్ని కాబట్టి నాకొచ్చాయి. కథలు పెట్టే ఒక యాప్‌లో అధ్యాయం అధ్యాయం పెట్టుకుంటూ పోయా. మొదట చదివింది నా పక్క సీటు అల్ఫియా. మా స్కూల్లోనే లెక్కలు చెప్తది. "మేడం, ఈ రోజు అంకమ్మ ఏం చేసింది?" అని బస్సెక్కంగానే అడిగేది. తర్వాత ఎవరెవరో చదవటం మొదలుపెట్టారు. మాచర్ల నుంచి ఒకామె, "మా ఇంట్లో ద్వారాలు లేవు గానీ మా ఆయన కూడా రోజూ చచ్చినట్టే వస్తాడు," అని రాసింది. దానికింద ఎంతమంది నవ్వారో.

ఇంట్లో ఎవరికీ దాచలేదు. దాచాల్సినంత విలువ దానికి ఎవరిచ్చారు గనక. "బొమ్మలాట మీద నవలంట," అని మా ఆయన వాళ్ళ ఆఫీసులో చెప్పి నవ్వించాడంట. అత్తయ్య మాత్రం, "క్రైస్తవుల ఇంట్లో కోడలివి, ఆ అంకమ్మ పేరేందే, ఏ గ్రేసమ్మ అనో పెట్టగూడదా," అంది. మా స్కూలు కరస్పాండెంట్ అయితే ఇంకా మంచోడు. "మేడం గారికి నవలలు రాసేంత ఖాళీ ఉందంటే ఇంకో సెక్షన్ పేపర్లు కూడా ఇవ్వొచ్చు," అన్నాడు స్టాఫ్ రూములో. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వా, అదే నాకు కోపం. ఇంకో సెక్షన్ పేపర్లు ఇచ్చాడు కూడా.

అప్పుడు దేవిక గారు ఫోన్ చేశారు. విజయవాడలో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతారు. నవల వేస్తామన్నారు. పుస్తకాల పండగకి రావాలంటే చివరి అధ్యాయం రెండో శనివారం సాయంత్రంలోపు అందాలి, ఆ సాయంత్రమే ప్రెస్సుకి పోవాలి అన్నారు. బస్సు అప్పుడు ఎక్కడి దాకా వచ్చిందో నాకు గుర్తులేదు. అల్ఫియా నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉండటం గుర్తుంది.

పుస్తకమని తెలిశాక ఇంట్లో లెక్క మారింది. బొమ్మలాట కాస్తా "మన నవల" అయింది. ఆయన ఫోన్ స్టేటస్‌లో పెట్టాడు, "మా నవల త్వరలో," అని. ఆ రాత్రి భోజనాల దగ్గర తొలిసారి అడిగాడు, "ఇంతకీ ముగింపు ఏం చేస్తన్నావు?"

చెప్పా. ఏడో ద్వారం ముందు వీరుడు చస్తాడు. గుహలో లేచేటప్పటికి పొయ్యి ఆరిపోయి ఉంటుంది. అంకమ్మ ఉండదు. నీళ్ళు పోసి పొయ్యి ఆర్పి, ఆఖరి గంజి తనే తాగి, గుహ వెనక ద్వారం తోసుకుని బయటికి పోతుంది. ఆ ద్వారానికి అటువైపు నుంచి గడియ ఎప్పుడూ లేదు. ఆమె తోసి చూడలేదు, అంతే.

ఆయన చేతిలో ముద్ద అట్టాగే ఆగింది. "అట్టయితే వాడి గతేంది?"

"పొయ్యి వెలిగించుకుంటాడు."

"వాడికి రాదు గదా."

"ఆరు ద్వారాలు పగలగొట్టినోడికి పొయ్యి వెలిగించటం రాదా?"

"అది కాదు కుసుమా, ఎమోషన్ ఉండాల. ఆమె త్యాగం చేస్తేనే గదా దానికి విలువ. సర్లే, చంపొద్దు. పోనీ వెళ్ళిపోయి, మళ్ళీ తిరిగొచ్చినట్టు పెట్టు. వాడు అప్పుడు ఆమె విలువ తెలుసుకుంటాడు. 'నువ్వు లేందే నేను లేను' అంటాడు. జనం ఏడుస్తారు."

"ఏ ఆడదన్నా పొయ్యి ఆర్పి పోద్దంటే, ఎవురు నమ్ముతారు," అంది అత్తయ్య. "తిరిగొచ్చినట్టు రాయవే. ఇల్లు కళకళలాడుద్ది."

గుహ అత్తయ్యా అది, ఇల్లు కాదు, అనబోయి ఊరుకున్నా. ముగింపు నేను సోమవారం బస్సులో రాసేశా, నేను అనుకున్నట్టే. పంపేముందు ఒక్కసారి ఎక్కడన్నా తీరిగ్గా కూర్చుని మళ్ళీ చదువుకోవాలని ఆశ. వారమంతా ఆ తీరిక కోసం చూశా. ఎందుకు దొరకలేదో చెప్తా.

మా అత్తయ్య కృతజ్ఞతా కూడిక పెట్టింది.

మా వాళ్ళలో ఏ మేలు జరిగినా, ఉద్యోగమొచ్చినా, జబ్బు తగ్గినా, ఇంట్లో కూడిక పెడతారు. పాస్టరు అయ్యగారొచ్చి ప్రార్థన చేస్తారు, పాటలు పాడతారు, మేలు పొందినవాళ్ళు సాక్ష్యం చెప్తారు, అందరూ భోంచేసి పోతారు. మా అత్తయ్య పట్టింపు ఏందంటే, కూడికలో వంట వంటమనిషి చెయ్యకూడదు, ఇంటివాళ్ళే చెయ్యాల. "డబ్బులిచ్చి వండిస్తే అది కృతజ్ఞత ఎట్టవుద్దే?" అంటుంది. బాగానే ఉంది. మా ఆయనకి ఆఫీసులో పెద్ద కుర్చీ వచ్చినప్పుడు కూడిక పెట్టారు. మేలు ఆయనది, వండింది నేను. మా అమ్మాయి కీర్తనకి జ్వరం తగ్గినప్పుడు పెట్టారు, అప్పుడూ నేనే. ఇప్పుడు మేలు నాది గదా, ఇప్పుడైనా నేను కూర్చుంటాననుకున్నా. ఎంత పిచ్చిదాన్ని. నా పుస్తకానికి దేవుడికి కృతజ్ఞత చెప్పాలంటే గుడిలో సగం మందికి పలావు, కోడికూర, పెరుగు చట్నీ నా చేత్తో వండాలంట. అది కూడా ఎప్పుడు? రెండో శనివారం సాయంత్రం. స్కూలు సెలవు గదా, నాకు ఖాళీ గదా.

"ఆ రోజు నేను అధ్యాయం పంపాలండీ," అన్నా ఆయనతో.

"పంపటానికి ఎంతసేపు పట్టుద్దే, ఒక బటన్ నొక్కటమేగా," అన్నాడు.

ఆ శనివారం పొద్దున్నుంచి ఉల్లిపాయలు కోస్తూనే ఉన్నా. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పని కూడా చేస్తున్నాడు, అబద్ధమెందుకు. కుర్చీల వాళ్ళకి ఫోన్లు, షామియానా వాళ్ళకి ఫోన్లు. "నా ఫోన్లో చార్జింగ్ లేదు, నీది ఇటివ్వు," అని నా ఫోన్ తీసుకుని హాల్లో కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య లాక్ ఏందని పాస్‌వర్డ్ ఎప్పుడో తీయించాడు. హాల్లోంచి ఆయన గొంతు గంభీరంగా వినపడుతూనే ఉంది. షామియానా వాళ్ళతో ఇంత భావయుక్తంగా ఏం మాట్లాడుతున్నాడా అనుకున్నా. అల్లం దంచుతూ దాని సంగతే మర్చిపోయా.

కూడిక మొదలయ్యే వేళకి వంటింటి వెనక వసారాలో పెద్ద గ్యాస్ పొయ్యి మీద పలావు ఎసరు మరుగుతుంది. రెండో పొయ్యి మీద కోడికూర. హాల్లో అప్పటికే పాట ఎత్తుకున్నారు. కీర్తన వచ్చి, "అమ్మా, నీకు ఫోన్," అని నా చెవి దగ్గర పెట్టింది, నా చేతులకి కారం ఉంది గదా.

దేవిక గారు. "కుసుమ గారూ, మీరు పొద్దున పంపిన అధ్యాయం చూశాను. మీరు ముందు చెప్పిన ముగింపు ఇలా మారుస్తారనుకోలేదు. సరే, మీ ఇష్టం. కానీ ఒక్క అనుమానం. అంకమ్మ తిరిగొచ్చాక వీరుడు మోకాళ్ళ మీద కూర్చుని మాట్లాడతాడే, ఆ మాటల మధ్యలో 'ఒరే క్రాంతీ కుర్చీలు ఎప్పుడు తెస్తారంట' అని ఉంది. దాని కిందే 'షామియానా వాడు ఫోన్ ఎత్తట్లేదమ్మా' అని ఉంది. అది మీరు కావాలని చేసిన ప్రయోగమా?"

నాకు కాసేపు ఏమీ అర్థం కాలా. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. మాట్లాడితే తనే టైపు చేసుకునే సదుపాయం ఉంటుంది గదా ఫోన్లో. మా ఆయన దాంతో నా నవలకి ముగింపు చెప్పేశాడు. మధ్యలో అత్తయ్య కుర్చీల సంగతి అడిగితే అది కూడా నా నవల్లోకి వచ్చి కూర్చుంది. మళ్ళీ చదవకుండా, నా ఫోన్ నుంచి, నా పేరుతో, బటన్ నొక్కేశాడు. ఆయన ఏదీ రెండోసారి చూడడు, చొక్కా జేబులు కూడా.

"ప్రెస్సు వాళ్ళు నా ఎదురుగానే ఉన్నారండీ," అన్నారు దేవిక గారు. "ఆ రెండు లైన్లు తీసేసి ఇది ఇచ్చెయ్యమంటారా? ఇంకో అరగంటలో చెప్పండి చాలు."

కీర్తనని పంపి ఆయన్ని పిలిపించా. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వచ్చాడు. "ఏందే, అయ్యగారు వచ్చేశారు, త్వరగా చెప్పు."

"దేవిక గారికి మీరేం పంపారు?"

మొహంలో ఒక్క రవ్వ తప్పు చేసిన భావం లేదు. పైగా వెలిగిపోయింది. "చదివారా? ఏమన్నారు? నీకు టైం లేదుగా, వంటలో ఉన్నావు. పాపం ఒక్కదానివే ఎంతకని చేస్తావని నేనే రాసి పంపించా. హెల్ప్ చేశా."

నాకు సహాయం చేశాడంట. నేను వంటలో ఉన్నానని.

"హెల్ప్ చెయ్యాలనుకుంటే మీరు వంట చెయ్యొచ్చు గదా. నేను నా ముగింపు పంపుకునేదాన్ని," అన్నా.

"వంటా?" అన్నాడు. "నాకొచ్చా?"

"నవల వచ్చా మరి?"

ఆయన నవ్వాడు. నేను జోకేశాననుకున్నాడు. "సర్లే, ఇప్పుడు గొడవెందుకు. ఆమె తిరిగొస్తదని అందరికీ చెప్పేశా. అయ్యగారైతే దాని మీదే వాక్యం చెప్తానన్నారు, ఇల్లు నిలబెట్టే స్త్రీ అని. అమ్మ ఎంత సంబరపడిందో. ఇప్పుడు నువ్వు మార్చావనుకో, నా పరువేం గాను?" అని, మూత ఎత్తి కూర వాసన చూసి, "ఉప్పు చూశావా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

నేను గరిట పట్టుకుని నిలబడ్డా. కోపమా అంటే కోపమే, కానీ ఎక్కువగా విసుగు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఏది పోయినా ఊరుకున్నా. నా జీతం ఎక్కడ పోతుందో అడగలేదు. నా ఆదివారాలు ఆ సున్నంలో పోయినా ఊరుకున్నా. ఈ ఒక్క అంకమ్మని నేను బస్సులో, నిలబడి కూడా, ఒంటి చేత్తో రాసుకున్నా. ఆమెను తెచ్చి మళ్ళీ అదే పొయ్యి ముందు కూర్చోబెట్టాడు, అది కూడా నేను పొయ్యి ముందు ఉన్న సమయం చూసి. పుస్తకం అచ్చయ్యాక నేనేం చెప్పినా ఎవరు నమ్ముతారు. మాచర్లలో ఆమె చదివి ఏమనుకుంటుంది. అంకమ్మ కూడా తిరిగొచ్చిందిలే అనుకుంటుంది.

ఎసరు తెర్లుతుంది. చెయ్యి అలవాటుగా బియ్యం పోసేసింది. ఉడుకు పట్టేదాకా అక్కడే ఉండి కలపాల, లేకపోతే అడుగంటుద్ది.

హాల్లో పాట అయిపోయింది. సాక్ష్యాల వేళ. మా ఆయన గొంతు మైకులో వినపడింది, కూడికకి మైకు కూడా తెప్పించాడు. "అందరికీ వందనాలు. ఈ నవలకి మూలం ఏందంటే, ఆ గేమ్ నేను ఆడటం. ఒక రకంగా ఆడింది నేను, రాసింది మా ఆవిడ. ముగింపు మటుకు ప్రభువు నాకే ఇచ్చాడు." ఎవరో స్తోత్రం అన్నారు. తర్వాత అయ్యగారు, నెహెమ్యా గారు, పెద్దమనిషి, నెమ్మదిగా అడిగారు, "సహోదరి కుసుమ ఎక్కడ? సాక్ష్యం చెప్పాల్సింది ఆమే గదా."

"వంట దగ్గరుందయ్యా," అంది అత్తయ్య.

"అయితే ఫరవాలేదు. ఆమె తరపున మనమే ప్రార్థిద్దాం. అందరూ కళ్ళు మూసుకోండి."

ఆమె తరపున. నేను గోడకి ఇవతల ఉన్నా. ఎంత దూరం అది, పిలిస్తే పలికే దూరం.

పలావులో ఒక మెతుకు పట్టుకుని చూశా. ఇంకా బద్దగానే ఉంది. కూరలో ముక్క కూడా ఉడకలేదు. మామూలుగా అయితే ఇక్కడ మంట తగ్గించి మూత పెట్టి పావుగంట కనిపెట్టుకుని ఉంటా. రెండు పొయ్యిలూ కట్టేశా. ఒకటి, తర్వాత ఇంకోటి. గ్యాస్ చప్పుడు ఆగిపోయేసరికి వసారా ఎంత నిశ్శబ్దంగా అయిందంటే, హాల్లో ఫ్యాను తిరగటం వినపడింది. చేతులు కడుక్కున్నా. కారానికి వేళ్ళ సందులు భగ్గుమన్నాయి. చీరకి తుడుచుకుని, ఫోన్ తీసి, సోమవారం రాసుకున్న అధ్యాయం దేవిక గారికి పంపా. మళ్ళీ చదువుకోలేదు. ఆ తీరిక నాకు ఎవరూ ఇవ్వరని తెలిసింది. కింద రాశా: "ముందు పంపింది నేను కాదు. ఇదే నా ముగింపు. అంకమ్మ తిరిగి రాదు." రెండు టిక్కులు నీలంగా మారాయి. "ఇదీ మీరు," అని వచ్చింది దేవిక గారి దగ్గర్నుంచి. "ఇదే ఇస్తున్నా ప్రెస్సుకి."

అంతటితో వెనక్కి తిరిగి పొయ్యి వెలిగిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పుస్తకం వచ్చాక ఆయన చూసుకునేవాడు. ఒక్క నిమిషం ఆ ఆలోచన కూడా చేశా, నాకు ఆలోచించే పద్ధతే అది, ఎవరినీ నొప్పించకుండా పని జరిగిపోవాల. లైటర్ ఎప్పుడూ ఉండే చోటే, కిటికీ చువ్వకి తగిలించి ఉంది. చూశా. చూసి హాల్లోకి పోయా.

అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నా తరపున ప్రార్థన నడుస్తుంది. ఆమెన్ అన్నాక కళ్ళు తెరిచిన వాళ్ళు నన్ను చూసి సర్దుకుని కూర్చున్నారు. నా చీరకి పసుపు మరకలు, మొహం నిండా చెమట. అల్ఫియా పనిగట్టుకుని వచ్చి ఆఖరి వరుసలో ఉంది. అయ్యగారు లేచి మైకు నాకిచ్చారు, ఆయన మంచాయన. మా ఆయన పక్క కుర్చీలోంచి చిన్నగా, "అన్నం ఏమైంది?" అన్నాడు.

మైకులోనే చెప్పా, వేరే దారిలేక. "అందరికీ వందనాలు. నా తరపున నేను చెప్పుకుంటా. నవల రాసింది నేను. ఇందాక మా ఆయన చెప్పిన ముగింపు నాది కాదు, పుస్తకంలో అది ఉండదు. నాది చదువుతా. పెద్దది కాదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ తెరిచి మొదలుపెట్టా. నా గొంతు వణికింది, నాలుగు వాక్యాల దాకా వణుకుతూనే ఉంది. క్లాసులో అరవై మందికి చెప్పే గొంతు, సొంత ఇంట్లో వణికింది. అంకమ్మ నీళ్ళ కుండ ఎత్తిన చోటికి వచ్చేసరికి నిలదొక్కుకుంది. పొయ్యి మీద నీళ్ళు పోసింది, ఆవిరి లేచింది, చీకట్లో కూర్చుని ఆఖరి గంజి మెల్లగా తాగింది, గిన్నె కడగకుండా పక్కన పెట్టింది. అక్కడ ఆడవాళ్ళలో ఎవరో చిన్నగా నవ్వారు. ద్వారం తోసింది. అది తెరుచుకుంది.

"ఒసే," అంది అత్తయ్య. కూడికలో ఉన్నామన్న సంగతి మర్చిపోయి ముందుకి వంగి కూర్చుంది. "బయట ఎవురూ లేరు గదే. ఎక్కడికి పోయింది? ఏం తినింది?"

ఆవిడ వెటకారానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. గుడిలో ఏ పండగొచ్చినా అందరికీ వడ్డించి, ఆఖర్న గిన్నె అడుగున మిగిలింది తిన్న మనిషి ఆవిడ. ఆ మోకాళ్ళు అక్కడ నిలబడి నిలబడే పోయాయి.

"అది కూడా రాశా అత్తయ్యా. చెప్తా, వినండి," అన్నా.

మా ఆయన ఇంక ఆగలేకపోయాడు. వంగి, పళ్ళు బిగబట్టి, "పొయ్యి మీద అన్నం మాడుద్దే," అన్నాడు.

"మాడదు. పొయ్యి ఆపేసి వచ్చా."

"ఉడికిందా?"

"లేదు."

ఆయన నన్ను చూశాడు, అయ్యగారిని చూశాడు, భోజనానికి వచ్చిన జనాన్ని చూశాడు. నేను కదిలే మాట లేదని ఎప్పుడు అర్థమైందో గానీ, కుర్చీ వెనక్కి జరిపి తనే లేచి వంటింట్లోకి పోయాడు. నేను చదువుతున్నా. అంకమ్మ బయట ఎండలో నిలబడి ఉంది. ఎండ ఎట్టా ఉంటుందో ఆమెకి గుర్తు లేదు. లోపల గిన్నెలు ఎత్తి దించిన చప్పుడు, డబ్బాలు తీసి మూసిన చప్పుడు.

"కుసుమా, లైటరేదే?"

అందరికీ వినపడింది. నాకూ వినపడింది. కిటికీ చువ్వకి తగిలించి ఉంది, ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి అక్కడే ఉంది. నేను తర్వాతి వాక్యం చదివా.

"అమ్మా, లైటర్ ఎక్కడుందో చెప్పమ్మా."

అత్తయ్య అలవాటుగా మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది. సగం లేచింది కూడా. నేను చదవటం ఆపలేదు. అంకమ్మ చెట్టు కింద ఆగి, పండు ఒకటి కోసుకుని, నిలబడి కాదు, కూర్చుని తింటున్న చోటికి వచ్చా.

అత్తయ్య మళ్ళీ కూర్చుంది.